వితంతువుల నిధి: ఒక్క పౌండు తేడాతో నిజమైన లెక్క

స్కాట్లండ్ చర్చి పాస్టర్లు తమ భార్యాబిడ్డల కోసం 1744లో పెట్టుకున్న నిధి గురించి పోయిన సంచికలో నాలుగు మాటలు రాశాం. దానిమీద చాలా ప్రశ్నలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి, ముఖ్యమైన వాటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. డబ్బు లెక్కలు చూసేవాళ్లకు ఒక గుర్తు: అప్పటి బ్రిటిష్ పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు.

ప్రశ్న: పాస్టరుకు చర్చి జీతమిస్తుంది, ఇల్లిస్తుంది. మరి ఆయన కుటుంబానికి వేరే నిధి ఎందుకు కావాల్సి వచ్చింది?

జవాబు: జీతమూ ఇల్లూ పదవికి ఇచ్చినవి, మనిషికి కాదు. పాస్టరు కన్నుమూస్తే ఆ పదవిలోకి కొత్త పాస్టరు వస్తాడు. ఇల్లు ఆయనకు ఖాళీ చేయాలి. చర్చి తరఫున సాగుచేసుకునే పొలమూ ఆయన చేతికే పోతుంది. పోయినాయన భార్యకు చట్టప్రకారం దక్కేది ఆరు నెలల జీతం. దాన్ని 'యాన్' అనేవాళ్లు. ఆ తర్వాత పుట్టింటివాళ్లో, పెద్దకొడుకో, ఊరి దయో దిక్కు. బతికున్నంత కాలం ఊళ్లో గౌరవంగా బతికిన కుటుంబం ఏడాది తిరక్కుండానే చేయి చాచాల్సి వచ్చేది. దయగలవాళ్లు చందాలు పోగుచేసి ఇస్తే ఇచ్చినట్టు, లేకుంటే లేదు. ఎంత వస్తుందో, ఎన్నాళ్లు వస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఎడిన్‌బరోలో పనిచేస్తున్న ఇద్దరు పాస్టర్లు, రాబర్ట్ వాలెస్, అలెగ్జాండర్ వెబ్‌స్టర్, దీనికి దారి వెతికారు. ధర్మంగా ఇచ్చే డబ్బు కాకుండా హక్కుగా వచ్చే డబ్బు కావాలన్నది వాళ్ల పట్టుదల. 1743లో చర్చి జనరల్ అసెంబ్లీ, అంటే స్కాట్లండ్ చర్చి మొత్తానికి ఉండే పెద్ద సభ, ఈ పథకాన్ని ఒప్పుకుంది. ఆ ఏడు అసెంబ్లీకి మోడరేటరు, అంటే అధ్యక్షుడు, వాలెసే. ఆయనే లండన్ వెళ్లి పథకాన్ని ప్రభుత్వ న్యాయాధికారి ముందు పెట్టాడు. మరుసటి ఏడు పార్లమెంటు చట్టం చేసింది. సెయింట్ ఆండ్రూస్, గ్లాస్గో, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయాల అధ్యాపకులను కూడా అదే చట్టం కిందికి తెచ్చారు.

ప్రశ్న: ఏ పాస్టరు ఎప్పుడు పోతాడో ఎవరికి తెలుసు? దేవుణ్ణి నమ్మినవాళ్లు చావుమీద లెక్కలు వేయడం వాళ్లకే తప్పుగా తోచలేదా?

జవాబు: ఫలానా మనిషి ఎప్పుడు పోతాడో చెప్పడానికి వాళ్లు పూనుకోలేదు. వాళ్లకు కావలసింది తొమ్మిది వందల మందిలో ఏడాదికి ఎంతమంది పోతారన్నదే. మొదటిది దేవుడికే తెలుసు. రెండోది చర్చి రిజిస్టర్లు చూస్తే తెలుస్తుంది. పైగా ఈ ఇద్దరూ చర్చిలో ఒకే వర్గంవాళ్లు కారు. వెబ్‌స్టర్ సువార్త ఉజ్జీవాన్ని గట్టిగా సమర్థించినవాడు. 1742లో గ్లాస్గో దగ్గరి కాంబస్‌లాంగ్ అనే ఊళ్లో జనం వేలల్లో కూడి ఏడ్చి ప్రార్థించినప్పుడు అది దేవుని పనేనని వాదిస్తూ పుస్తకం అచ్చువేశాడు. వాలెస్ నెమ్మది వర్గానికి చెందిన ఆలోచనాపరుడు. వేదాంతంలో ఎలా ఉన్నా లెక్క దగ్గర ఇద్దరికీ పొత్తు కుదిరింది.

వాళ్లు ఏం చేశారంటే, ప్రతి ప్రెస్బిటరీకి ఉత్తరాలు రాసి ఇన్నేళ్లలో ఎంతమంది పాస్టర్లు పోయారు, ఎంతమందికి భార్యలు మిగిలారు, పిల్లల వయసులేమిటి అని అడిగి తెప్పించారు. ప్రెస్బిటరీ అంటే ఒక ప్రాంతంలోని చర్చిలన్నిటిమీదా ఉండే సభ. అన్నీ క్రోడీకరిస్తే తేలిన సగటు ఇది. ఏ సమయంలో చూసినా పదవిలో ఉండేవాళ్లు 930 మంది. ఏడాదికి పోయేవాళ్లు 27 మంది. వాళ్లలో 18 మందికి భార్యలు మిగులుతారు. భార్య లేకుండా పోయినవాళ్లలో 5 కుటుంబాల్లో పిల్లలు అనాథలవుతారు. భార్య మిగిలిన కుటుంబాల్లోనూ రెండింటిలో ముందు పెళ్లి పిల్లలు 16 ఏళ్లు నిండనివాళ్లు ఉంటారు.

ఈ అంకెల్లో ఇంకో విషయం దాగి ఉంది. 930ని 27తో భాగిస్తే 34 పైచిలుకు వస్తుంది. అంటే సగటు పాస్టరు 34 ఏళ్లపాటు చందా కడతాడు. బీమా నడిపేవాడికి ఇంత మంచి ఖాతాదారు దొరకడం అరుదు.

ప్రశ్న: భర్తల మరణాల లెక్క చర్చి దగ్గర ఉంది, సరే. భర్త పోయాక భార్య ఎన్నాళ్లు బతుకుతుందో ఎలా తెలిసింది?

జవాబు: అసలు చిక్కు అక్కడే. దానికి వాళ్లు ఎడ్మండ్ హేలీ 1693లో అచ్చువేసిన మరణాల పట్టిక సాయం తీసుకున్నారు. తోకచుక్క హేలీ ఈయనే. బ్రెస్లా నగరంలో, అంటే నేటి పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్‌లో, 1687 నుంచి 1691 దాకా నమోదైన జనన మరణాలమీద ఆయన ఆ పట్టిక కట్టాడు. ఏడాది వయసున్న వెయ్యి మందితో మొదలుపెడితే 20వ ఏట 598 మంది, 40వ ఏట 445 మంది, 60వ ఏట 242 మంది మిగులుతారు. 40 ఏళ్ల మనిషి 60 దాకా బతికే అవకాశం ఎంతో తెలియాలంటే 242ని 445తో భాగించాలి. నూటికి 54. ఇలా ఏ వయసు నుంచి ఏ వయసుకైనా చూసుకోవచ్చు. ఆ బ్రెస్లా వివరాలు పోగుచేసిందీ ఒక పాస్టరే, కాస్పర్ నాయ్‌మన్ అనే లూథరన్.

వీళ్ల లెక్కలను ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడైన కోలిన్ మెక్లారిన్ సరిచూశాడు. న్యూటన్‌కు ఇష్టుడైన గణితవేత్త. డిగ్రీలో 'మెక్లారిన్ సిరీస్' చదివినవాళ్లకు ఈ పేరు తగిలే ఉంటుంది.

ప్రశ్న: ఎంత కడితే ఎంత వచ్చేది? ఒక పుస్తకంలో 2 పౌండ్ల 12 షిల్లింగుల 2 పెన్నీలు అని చదివాను. ఇంకోచోట 6 పెన్నీలు అని ఉంది. ఏది నిజం?

జవాబు: 6 పెన్నీలే. ఎవరి మాటా నమ్మక్కర్లేదు, లెక్కే చెబుతుంది. నాలుగు తరగతులు ఉండేవి. ఏటా 2 పౌండ్ల 12 షిల్లింగుల 6 పెన్నీలు కడితే భార్యకు జీవితాంతం ఏటా 10 పౌండ్లు. 3 పౌండ్ల 18 షిల్లింగుల 9 పెన్నీలకు 15 పౌండ్లు. 5 పౌండ్ల 5 షిల్లింగులకు 20. 6 పౌండ్ల 11 షిల్లింగుల 3 పెన్నీలకు 25. నాలుగింటిలోనూ పింఛను పౌండు ఒక్కింటికి పడే చందా సరిగ్గా 5 షిల్లింగుల 3 పెన్నీలు. 2 పెన్నీలని రాస్తే మొదటి తరగతి ఒక్కటే ఈ వరసలోంచి తప్పుతుంది. అచ్చుతప్పు అనుకోవాలి.

భార్య లేకుండా పిల్లలే మిగిలితే పదేళ్ల పింఛనును ఒకేసారి ఇచ్చేవాళ్లు. 20 పౌండ్ల తరగతిలో అది 200 పౌండ్లు.

ప్రశ్న: 5 పౌండ్ల చిల్లర తీసుకుని 20 పౌండ్లు ఇస్తే నిధి ఎలా నిలుస్తుంది? ఎంత ఆలోచించినా అంతుబట్టలేదు. అంకెలతో చెప్పగలరా?

జవాబు: చెబుతాం. ఈ శీర్షికకు వచ్చిన ప్రశ్నల్లో ఇదే అసలైనది. కాబట్టి కాస్త ఓపికపట్టండి, దగ్గర కాగితం పెన్సిలు ఉంటే ఇంకా మంచిది.

సులువుగా ఉండటానికి కొన్ని అనుకుందాం. 930 మందీ 20 పౌండ్ల తరగతిలోనే ఉన్నారు. ఏటా కొత్తగా 18 మంది వితంతువులు చేరతారు. ఒక్కొక్కరు సరిగ్గా 18 ఏళ్లపాటు పింఛను తీసుకుంటారు. పిల్లల ఖర్చు పక్కన పెడదాం. మిగిలిన డబ్బుమీద నూటికి 4 వడ్డీ వస్తుంది. అసలు నిధి వేసుకున్న లెక్క ఇంతకంటే చాలా చిక్కైనది. ఇది కీలకం తెలియడానికి మేం కట్టిన నమూనా మాత్రమే.

ఏటా వచ్చే చందా 930 మందికి 4,882 పౌండ్ల 10 షిల్లింగులు. మొదటి ఏడు వితంతువులు 18 మందే, ఖర్చు 360 పౌండ్లు. నాలుగున్నర వేలు మిగిలిపోతుంది. రెండో ఏడు 36 మంది, 720 పౌండ్లు. అయిదో ఏడు ముగిసేసరికి నిధిలో 20,700 పౌండ్ల పైన పోగవుతుంది. ఆ ఏటి ఖర్చు చూస్తే 1,800 మాత్రమే. 13వ ఏడు దాకా చందాతోనే పింఛన్లు సరిపోతాయి. 14వ ఏట 252 మందికి 5,040 పౌండ్లు ఇవ్వాలి, చందా చాలదు. అక్కడి నుంచి వడ్డీ పనిలోకి దిగుతుంది. 18వ ఏటికి 324 మంది అవుతారు, ఖర్చు 6,480. చందాకు పైన 1,597 పౌండ్ల 10 షిల్లింగులు కావాలి. అప్పటికి నిధి 47,170 పౌండ్ల దగ్గర ఉంటుంది. దానిమీద వడ్డీ సుమారు 1,887. సరిపోయి పైన కొంచెం మిగులుతుంది. 19వ ఏట 18 మంది కొత్తగా వస్తే 18 మంది పాతవాళ్లు వెళ్లిపోతారు. అక్కడి నుంచి సంఖ్య పెరగదు, నిధి నిలబడుతుంది.

అంటే 20 పౌండ్ల పింఛనులో కొంత భాగం కట్టినవాడిది, మిగతాది వితంతువులు తక్కువగా ఉన్న తొలి ఏళ్లలో వాడకుండా దాచిన డబ్బు సంపాదించినది. వాలెస్, వెబ్‌స్టర్ల గొప్పతనం ఇక్కడుంది. ఎవరైనా పోయినప్పుడల్లా సభ్యులందరి దగ్గరా వసూలుచేసి పంచడం కాకుండా, ముందే వసూలుచేసి, పెట్టుబడి పెట్టి, దాని రాబడిమీద పింఛన్లు నడపాలన్నారు.

ఇప్పుడు ఒక్క అంకె మారుద్దాం. వితంతువు 18 ఏళ్లు కాదు, 22 ఏళ్లు బతికిందనుకోండి. 18వ ఏడు ముగిసేదాకా రెండు ఖాతా పుస్తకాలూ అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉంటాయి. ఏ ఆడిటరూ తేడా కనిపెట్టలేడు. 19వ ఏట మొదటి బ్యాచి ఖాతాలోంచి తప్పుకోదు. 22వ ఏటికి 396 మంది అవుతారు, ఖర్చు 7,920. చందా పోను 3,037 పౌండ్లకు పైగా కావాలి. నిధి 44,650 దగ్గరికి జారి ఉంటుంది, వడ్డీ 1,786. అప్పటి నుంచి ఏటా అసలులోంచి తీసి ఇవ్వాలి. అసలు తగ్గితే వడ్డీ తగ్గుతుంది, వడ్డీ తగ్గితే అసలు ఇంకా తొందరగా తరుగుతుంది. మొదలుపెట్టిన 45 ఏళ్లకు గల్లాపెట్టె ఖాళీ. అప్పటికి నిధి పెట్టినవాళ్లెవరూ ఉండరు. ముప్పై ఏళ్లు చందా కట్టి ఇంకా బతికి ఉన్నవాళ్లకు మాత్రం ఏమీ మిగలదు.

ఇంకో తప్పు ఇంతకన్నా తేలిగ్గా జరుగుతుంది. అయిదో ఏట 20 వేల పౌండ్లు చూసి, "ఇంత డబ్బు మూలుగుతుంటే పాపం ఆడవాళ్లకు 20 ఏమిటి, 25 ఇద్దాం" అంటే సభలో కాదనేవాడు ఉండడు. అలా ఇస్తే 18వ ఏట ఖర్చు 8,100 అవుతుంది. చందా మాత్రం అంతే. తొలి ఏళ్లలో మిగులు కనిపించేది లాభం కాదు, ఇంకా వితంతువులు కాని ఆడవాళ్ల సొమ్ము.

ప్రశ్న: 25 ఏళ్ల పాస్టరూ 60 ఏళ్ల పాస్టరూ ఒకే చందా కట్టడం అన్యాయం కాదా? పెళ్లి చేసుకోనివాడి సంగతి?

జవాబు: విడివిడిగా చూస్తే అన్యాయమే. ముసలాయన రెండు మూడు చందాలు కట్టి పోవచ్చు, కుర్రవాడు నలభై కట్టవచ్చు. కాని నిధి నిలవడానికి అది అడ్డం రాలేదు. కారణం నిర్బంధం. చట్టం వచ్చాక పదవిలోకి వచ్చే ప్రతి పాస్టరూ చేరి తీరాలి, పెళ్లయినా కాకపోయినా. పారిష్‌ల, అంటే ఒక్కో పాస్టరు చూసుకునే ప్రాంతాల, సంఖ్య ఇంచుమించు మారదు. ఒకాయన పోతే ఆ స్థానంలోకి ఒక పడుచువాడు వస్తాడు. కాబట్టి సభ్యుల సగటు వయసు ఎప్పుడూ ఒకేచోట ఉంటుంది. నదిలో నీళ్లు మారుతుంటాయి, మట్టం మారదు.

ఇదే పద్ధతి ఇష్టమున్నవాడు చేరవచ్చునన్న సంఘంలో పెడితే మునిగిపోతుంది. కుర్రవాళ్లు దూరంగా ఉంటారు. జబ్బుమనుషులు, చిన్న వయసు భార్య ఉన్న పెద్దాయనలు ముందు వరసలో నిలబడతారు. లండన్‌లో 1762లో అందరికీ తలుపులు తెరిచిన ఈక్విటబుల్ సంస్థ అందుకే జేమ్స్ డాడ్సన్ చూపిన దారిలో చేరేనాటి వయసునుబట్టి ప్రీమియం పెట్టింది. పాస్టర్లకు ఆ అవసరం రాలేదు, చర్చి కట్టుబాటే వాళ్లకు కంచె. ఆ కంచె లేకుండా ఇలాంటి నిధులు పెట్టిన కొందరు దెబ్బతిన్నారు.

ప్రశ్న: దెబ్బతిన్నవాళ్లు ఎవరు?

జవాబు: జర్మనీలోని హానోవర్ సంస్థానంలో 1767లో మొదలైన కాలెన్‌బెర్గ్ వితంతు నిధి ఒకటి. తీసుకున్న చందాకు మించి పింఛన్లు ఒప్పుకుంది. 1780ల్లో సంక్షోభంలో పడి ఇచ్చిన మాట తప్పాల్సి వచ్చింది. తత్వవేత్త, గణితం తెలిసినవాడు అయిన టెటెన్స్ దాని లెక్కలు పరిశీలించి ఆ అనుభవంతో పుస్తకమే రాశాడు. లండన్‌లోనూ 1760ల్లో వితంతువుల సంఘాలు పుట్టాయి. రిచర్డ్ ప్రైస్ 1771లో వాటి లెక్కలు విప్పి చూపించి, ఇవి నిలవవని హెచ్చరించాడు. ప్రైస్ కూడా చర్చి బోధకుడే. ఈ కథలో తిరిగే మనుషుల్లో సగంమంది పాస్టర్లే, ఏం చేస్తాం.

ప్రశ్న: 58,348 పౌండ్ల కథ నిజమేనా? కట్టుకథలా ఉంది.

జవాబు: 1765 నాటికి నిధిలో 58,348 పౌండ్లు ఉండాలని వాళ్ల లెక్క. ఆ ఏడు రాగానే చూస్తే 58,347 ఉన్నాయి. ఒక్క పౌండు తక్కువ. నిజమే గాని, ఆ ఒక్క పౌండును చూసి మురిసిపోవడం మాకు అంత నచ్చదు. ఏడాదికి 27 మంది పోతారన్నది సగటు. ఒక ఏడు 20 ఉండవచ్చు, ఇంకో ఏడు 35 ఉండవచ్చు. ఇరవై ఏళ్ల ఎగుడుదిగుళ్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని పౌండు తేడాతో తేలడంలో అదృష్టం పాలు ఉంది. వెయ్యి పౌండ్లు తేడా వచ్చినా అది గొప్ప లెక్కే అయి ఉండేది. అసలు మెచ్చుకోవలసింది ఇరవై ఏళ్లు ముందుకు చూసి ఏ ఏటికి ఎంత ఉండాలో రాసి పెట్టుకోవడం. అలా రాసి ఉంటేనే అయిదో ఏట మిగులు చూసి చేయి జారకుండా ఉంటుంది.

ప్రశ్న: ఇప్పుడు 'స్కాటిష్ విడోస్' పేరుతో ఉన్న బీమా కంపెనీ ఇదేనా?

జవాబు: కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. 'స్కాటిష్ విడోస్' వేరే సంస్థ. 1812లో ఎడిన్‌బరోలో జరిగిన సమావేశంలో పుట్టి 1815లో పని మొదలుపెట్టింది. పాస్టర్లకే కాదు, మామూలు జనానికి. సభ్యులే యజమానులుగా ఉండే పరస్పర సంస్థగా దాదాపు రెండు వందల ఏళ్లు నడిచి, 2000లో లాయిడ్స్ టీఎస్‌బీ బ్యాంకు చేతికి వెళ్లింది. ఆలోచనలో పాస్టర్ల నిధికి వారసురాలని అనవచ్చు, ఖాతా పుస్తకాల్లో కాదు.

రక్తసంబంధంలాంటిది కావాలంటే అమెరికా వైపు చూడండి. అక్కడి ప్రెస్బిటేరియన్లకు, అంటే స్కాట్లండ్ చర్చి పద్ధతినే పాటించే క్రైస్తవులకు, ఫిలడెల్ఫియాలో 1717 నుంచే ఒక ధర్మనిధి ఉండేది. 1759లో చార్టరు, అంటే అధికారిక అనుమతి పత్రం, తెచ్చుకుని అది బీమాలోకి దిగింది. 1761లో తొలి జీవిత పాలసీ ఫ్రాన్సిస్ ఆలిసన్ అనే పాస్టరుకు ఇచ్చింది. ధర్మంగా ఇవ్వడం నుంచి హక్కుగా ఇవ్వడానికి వాళ్లు దాటిన గట్టూ అదే.

ప్రశ్న: వాలెస్, వెబ్‌స్టర్, మెక్లారిన్, ఈ ముగ్గురూ తర్వాత ఏమయ్యారు?

జవాబు: మెక్లారిన్‌కు ఎక్కువ కాలం లేదు. గద్దె పోయిన స్టువర్ట్ రాజవంశం తరఫున 1745లో లేచిన తిరుగుబాటులో ఎడిన్‌బరో కోటగోడల రక్షణ పనులు నెత్తిన వేసుకుని, నగరం పడిపోగానే యార్క్‌కు పారిపోయి, ఆరోగ్యం చెడి 1746లో కన్నుమూశాడు. వాలెస్ ప్రపంచ జనాభామీద 1753లో ఒక గ్రంథం అచ్చువేసి, తత్వవేత్త డేవిడ్ హ్యూమ్‌తో వాదంలోకి దిగాడు. 1771లో పోయాడు.

వెబ్‌స్టర్ వేరే బాపతు. క్లారెట్ అనే ఎర్ర వైను ఎంత తాగినా తొణకడని ఎడిన్‌బరోలో పేరు, ఆయన్ను 'డాక్టర్ బోనమ్ మాగ్నమ్' అని పిలిచేవాళ్లు. మాగ్నమ్ అంటే పెద్ద సీసా. అదలా ఉంచితే, ప్రెస్బిటరీలకు ఉత్తరాలు రాసి అంకెలు తెప్పించుకునే ఏర్పాటు ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది. దాంతోనే 1755లో స్కాట్లండ్ జనాభా లెక్క తీశాడు. కొన్ని పారిష్‌ల నుంచి మొత్తం జనం లెక్క వచ్చింది. కొన్ని చోట్ల పాస్టర్ల దగ్గర మత ప్రశ్నోత్తరాలు చెప్పగల వయసు వచ్చినవాళ్ల జాబితా మాత్రమే ఉంది. అలాంటిచోట చిన్నపిల్లల సంఖ్యను హేలీ పట్టికలోని నిష్పత్తితో కట్టి కలిపాడు. తేలిన మొత్తం 12,65,380.